శుక్రవారం కత్తి

ఫిబ్రవరి 3

ఈరోజు పనులు: మీ అన్నయ్యకు ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం. పక్కకు తిప్పి పడుకోబెట్టడం నాలుగుసార్లు. జావ కలపడం మూడుసార్లు, పారబోయడం మూడుసార్లు. మందుల షాపు. కరెంటు బిల్లు. షెడ్డు ఊడ్చి, కిటికీల మసి తుడిచి, గుడ్డ చక్రాలన్నీ సబ్బు పెట్టి ఉతికి ఆరేయడం. ఈ ఉత్తరం.

ప్రియమైన మరిదికి,

నీ వదిన ఆశీస్సులు. మీ అన్నయ్యకు కుడివైపు పడిపోయిందని ఫోన్‌లో చెప్పి అంతటితో పెట్టేశాను. ఫోను ఉన్నది ఆయన మంచానికి గోడ అవతల. నేను గుసగుసలాడినా ఆయనకు వినపడుతుంది. మాట పోయింది గాని చెవులు బాగానే ఉన్నాయి. అందుకని ఇక ఏ సంగతైనా ఉత్తరంలోనే.

గడియారాల దుకాణం పెద్దాయన గుర్తున్నారు కదా. ఆయన తాతగారివి ఏడు గడ్డం కత్తులు, మడత పెట్టేవి, ఒకే పెట్టెలో సర్ది ఉన్నాయి. ఒక్కోదాని వెన్ను మీద ఒక్కో వారం పేరు చెక్కి ఉంది. ఒకరోజు పనిచేసిన కత్తికి మిగతా ఆరు రోజులూ విశ్రాంతి ఇస్తే అంచు తేరుకుంటుందట. ఆ ఏర్పాటు నాకు నచ్చింది. మనుషులకు కూడా ఎవరైనా చేసి పెడితే బాగుండేది. ఆ ఏడూ తుప్పు పట్టిపోతే బాగుచేయమని మన సాన షెడ్డుకు తెచ్చారు. మీ అన్నయ్య ఆది, సోమ, మంగళ పూర్తి చేశారు. బుధవారం కత్తి చేతిలో ఉండగా ఆ చెయ్యి పడిపోయింది.

మొదటి పది రోజులూ నేను ఏది పట్టిస్తే అది తాగారు. తర్వాత పెద్దాయన చూడటానికి వచ్చి, మంచం పక్కన నిలబడి, "నేను మార్చి నెల మధ్యలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నానయ్యా. మిగతా నాలుగూ ఇంకెక్కడైనా ఇచ్చేసుకోమంటావా?" అన్నారు. పాపం, మంచి మనసుతోనే అన్నారు. మీ అన్నయ్య కాసేపు ఆయన వంక చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నారు. అంతే. ఆ రోజు నుంచి ఇటు తిరగలేదు. పళ్ళు బిగించేస్తారు. చెంచా మొనతో పెదవి పక్కకు లాగి రెండు గుక్కలు పోస్తే ఒక గుక్క లోపలికి వెళుతుంది. డాక్టరు గొంతు చూసి, "ఆయన మింగలేక కాదమ్మా, మింగనని పట్టుబట్టారు" అన్నారు. ఇలాగే సాగితే ముక్కులోంచి గొట్టం వేయాలట. అదీ ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పలేమన్నారు.

నేను గుమ్మం దాకా వెళ్ళి పెద్దాయనతో, "ఆ నాలుగూ ఇక్కడే అవుతాయండీ" అనేశాను.

"ఎవరు చేస్తారమ్మాయ్?"

"ఉన్నారు లెండి."

ఆ ఉన్నది నేనే. ఇరవై ఆరేళ్ళుగా ఆ షెడ్డులోకి టీ తీసుకెళ్ళాను గాని ఆ చక్రం మీద ఒక చెంచా అయినా ఆనించి ఎరగను. కానీ ఆ నాలుగు కత్తులూ ఇక్కడే పూర్తయి ఆయన కళ్ళ ముందు పెడితే తప్ప ఆయన నోరు తెరవరని నా మనసుకు తోస్తోంది. నువ్వు వస్తే ఈ గొడవే లేదు. రాలేకపోతే ఏ చక్రం, ఏ రంగు మెరుగు కడ్డీ, ఎంతసేపు, వంట నేర్పినట్టు నేర్పు.

జవాబు ఆలస్యం చేయకు.

ఇట్లు,
నీ వదిన


ఫిబ్రవరి 8

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరంలో పైన ఉన్న పనుల పట్టికను ఎప్పటిలాగే దాటేసి అసలు సంగతికి వచ్చాను. సెలవు అడిగాను, దొరకలేదు. ఈ రెండు నెలలూ ఇక్కడ ఊపిరి సలపని పని. కాబట్టి ఉత్తరంలోనే నేర్పుతాను. నువ్వు ఉప్పు కూడా తూచి వేసే మనిషివి, నీకు వస్తుంది.

ముందు ఒక మాట. గడ్డం కత్తి వంటింటి కత్తి కాదు. రెండు పక్కలా గుంటగా చెక్కి, అంచు దగ్గరికి వచ్చేసరికి కాగితమంత పలచన చేస్తారు. పలచటి చోట వేడి చప్పున ఎక్కుతుంది. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది, తర్వాత నీలం. గడ్డి రంగు చూడగానే ఆగిపో. నీలం వచ్చిందంటే అక్కడ ఉక్కు చచ్చిపోయినట్టే, ఎంత సాన పట్టినా అంచు నిలవదు. అందుకని చేతికి తొడుగు వేసుకోకు. కత్తి వెనక వేలు ఆనించి ఉంచు. నీ వేలు ఓర్చుకోలేకపోతే కత్తి కూడా ఓర్చుకోలేదు. పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని ముంచుతూ ఉండు.

రాతి చక్రం జోలికి పోవద్దు. తుప్పు కనపడగానే అందరి చెయ్యీ ముందు దాని మీదకే వెళుతుంది. అది గడ్డం కత్తిని చూస్తుండగానే తినేస్తుంది. తుప్పు తీయడానికి నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితం, చేత్తోనే, వెన్ను నుంచి అంచు వైపుకు. నలుపు పోతే చాలు, ప్రతి గుంటా పోవాలని పంతం పట్టకు.

తర్వాత గుడ్డ చక్రాలు. నార చక్రం మొరటుది, దాన్ని పక్కన పడెయ్యి. దగ్గర దగ్గరగా కుట్లున్న చక్రానికి నల్ల కడ్డీ పుయ్యి. అది కాగితం గీసిన గీతల్ని కోస్తుంది. కుట్లు ఎడంగా ఉన్న చక్రానికి గోధుమరంగు కడ్డీ, అది నల్లది చేసిన మొరటు పనిని సర్దుతుంది. కుట్లే లేని వదులు చక్రానికి ఆకుపచ్చ కడ్డీ, మెరుపు దానిది. కడ్డీని చక్రానికి తాకించి తీసెయ్యాలి, రొట్టెకి వెన్న రాసినట్టు పట్టించకూడదు. వారం పేరు చెక్కిన చోటికి నల్లదాన్ని రానివ్వకు, పేరు చెరిగిపోతుంది. అక్కడ ఆకుపచ్చ ఒక్కటే.

కత్తి వెన్ను పైకి, అంచు కిందికి. చక్రం వెన్ను నుంచి అంచు మీదుగా దాటిపోవాలి గాని అంచుకి ఎదురు రాకూడదు. ఎదురొస్తే కత్తిని లాక్కుని విసిరేస్తుంది. చక్రం నడుముకి కింది భాగంలోనే ఆనించు. బెల్టు చక్రం వైపు పెద్ద పుల్లీ మీదకి మార్చు, నెమ్మదిగా తిరుగుతుంది.

ముందు మీ ఉల్లిపాయల కత్తి మీద నేర్చుకో. అందులో నీ మొహం కనపడేదాకా గడ్డం కత్తి ముట్టుకోకు. కనపడ్డాక భయపడకు, అది నువ్వే.

ఉంటాను,
నీ మరిది చిన్నోడు


ఫిబ్రవరి 14

ప్రియమైన మరిదికి,

నువ్వు రాసినది రాసినట్టు చేశాను. నీ ఉత్తరాన్ని షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించి, ఒక్కో వాక్యం చదువుతూ ఒక్కో పని చేశాను. ఉల్లిపాయల కత్తిలో నా మొహం కాదు కదా, కిటికీ వెలుగు కూడా సరిగ్గా కనపడటం లేదు. నల్లదాని తర్వాత ఎలా ఉందో గోధుమరంగు తర్వాతా అలాగే ఉంది. ఆకుపచ్చ తర్వాత ఇంకా అన్యాయం. మెరుపు వస్తోంది, ఆ మెరుపులో సన్నటి గీతలు కొత్తగా పుడుతున్నాయి. తప్పు నా చేతిదేననుకుని మళ్ళీ మొదటినుంచి చేశాను. ఆ చేయడం ఇప్పటికి నాలుగుసార్లు.

పెద్దాయన వచ్చి, బల్ల మీద ఉన్న కత్తి చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి చూశారు.

"ఏమిటమ్మాయ్, పిల్లి రక్కినట్టుంది?"

"ఇది మీది కాదండీ, మా ఉల్లిపాయల కత్తి."

"నోరు లేని ఉల్లిపాయల కత్తికే ఈ గతి పట్టించావు, నావి ఏం చేస్తావు?"

నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు. మీ అన్నయ్య వినే ఉంటారు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. చక్రం తిరిగే చప్పుడు వింటే ఆయన ఇటు తిరుగుతారని ఎంతో ఆశ పెట్టుకున్నాను. మొదటి రోజు స్విచ్చి వేసి వెంటనే గదిలోకి పరుగెత్తాను. ఎడమచేత్తో దుప్పటి లాక్కుని తల మీద కప్పుకుంటున్నారు. చప్పుడు తప్పుగా ఉందేమో, లేక ఆ చప్పుడే ఇక వద్దేమో, నాకు తెలియదు. కాలర్ ఎముకల దగ్గర గుంటలు పడ్డాయి. ఒళ్ళు తుడుస్తుంటే ఆ గుంటల్లో నీళ్ళు నిలుస్తున్నాయి.

ఎక్కడ తప్పుతున్నానో చెప్పు. నిన్ను బతిమాలుకుంటున్నాను.

ఇట్లు,
నీ వదిన


ఫిబ్రవరి 17

ప్రియమైన వదినకి,

నీ చేతిది తప్పు కాదు. చెయ్యి తప్పితే ఒకచోట గీత పడుతుంది, కత్తంతా పడదు. ఆకుపచ్చ చక్రం మీద కొత్త గీతలు పుట్టడమే నాకు అంతు పట్టడం లేదు. దాంట్లో అంత గరుకు ఉండదు.

వెంటనే రాయి: చక్రాలు ఏ రంగులో ఉన్నాయి? అన్నయ్య వాడిన నల్ల చక్రం బొగ్గులా కరుడుగట్టి ఉండాలి. గోధుమరంగుది బెల్లం పూసినట్టు, ఆకుపచ్చది నాచు పట్టినట్టు ఉండాలి. వాటి అంచులు చూసి చెప్పు.

నీ మరిది


ఫిబ్రవరి 20

ప్రియమైన మరిదికి,

అన్నీ తెల్లగా ఉన్నాయి.

అంత జిడ్డుతో, మసితో ఆయన ఎలా పనిచేశారా అనిపించి ఒకే తొట్టెలో వేసి నానబెట్టి, బండకేసి బాది ఉతికాను. మూడుసార్లు నీళ్ళు మార్చాను. కడ్డీలు కూడా దుమ్ము కొట్టుకుని ఉంటే అదే నీళ్ళలో జాడించి, అన్నీ కలిపి ఒక డబ్బాలో పెట్టాను. మొదటి ఉత్తరంలోనే రాశాను కదా.

అది చేయకూడని పనా?

వదిన


ఫిబ్రవరి 23

ప్రియమైన వదినకి,

మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. పట్టికలో ఉంది, మందుల షాపుకీ ఉత్తరానికీ మధ్య. నేను దాటేసిన పట్టికలో. ఆ రోజే చదివి ఉంటే మనకు ఇన్ని రోజులు కలిసొచ్చేవి. ఇక మీదట నువ్వు పాల లెక్క రాసినా చదువుతాను.

అది మురికి కాదు వదినా. చక్రం కోరుకునే తిండి. నల్ల కడ్డీ అంటే మైనంలో కలిపిన గరుకు పొడి. నువ్వు ఆ పొడిని నల్ల చక్రంలోంచి వదిలించి, తొట్టె నీళ్ళలో కలిపి, మిగతా రెండు చక్రాల పోగు పోగులోకీ ఎక్కించావు. కడ్డీలకి కూడా అంటించావు. ఇప్పుడు నీ దగ్గరున్నవన్నీ నల్ల చక్రాలే, తెల్ల బట్టలు కట్టుకున్నాయి. ఒక్క రేణువు చాలు ఆకుపచ్చ పని పాడవడానికి. నేను పని నేర్చుకునే రోజుల్లో నల్ల కడ్డీ పట్టుకున్న చేత్తో ఆకుపచ్చ చక్రం ముట్టుకున్నానని అన్నయ్య నన్ను పూటంతా షెడ్డు బయట నిలబెట్టాడు. నువ్వే జాలిపడి లోపలికి పిలిచి అన్నం పెట్టావు. నిన్ను ఎంతసేపు నిలబెట్టాలో నాకు తెలియడం లేదు.

ఏడవకు. ఎవరైనా ఇల్లు చక్కదిద్దుకునే మనిషి చేసే పనే చేశావు. అవన్నీ పారెయ్యి, కడ్డీలతో సహా. పార్శిల్‌లో మూడు కొత్త చక్రాలు, మూడు కడ్డీలు పంపుతున్నాను. దేని సంచి దానిదే. ఒకటి ముట్టుకుని ఇంకోటి ముట్టుకునే ముందు చేతులు కడుక్కో, అది మాత్రం నీకు చెప్పక్కర్లేదు. కత్తి కూడా కడుగు. కొత్త చక్రం మొదట దారాలు రాలుస్తుంది. తిరుగుతుండగా విరిగిన రంపం ముక్కతో అంచు దువ్వి, తర్వాత కడ్డీ తాకించు.

అన్నయ్యకి ఏదో ఒకటి తాగించు. ఎలాగైనా.

నీ మరిది


మార్చి 4

ప్రియమైన మరిదికి,

పార్శిల్ వచ్చిన రోజే మొదలుపెట్టాను. ఉల్లిపాయల కత్తిలో నా మొహం కనపడింది. నువ్వన్నట్టు భయపడ్డాను, ఎప్పుడు ఇంత ముసలిదాన్నయ్యానో. బుధవారం కత్తి పూర్తయింది. గురువారం కత్తి పూర్తయింది. పేర్ల చివర్లు కూడా చెరగలేదు. మీ అన్నయ్య చేసిన మూడింటి పక్కన పెడితే తేడా నాకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు.

రెండింటినీ ఆయన దిండు పక్కన, గోడ వైపే, కళ్ళకు ఎదురుగా పెట్టాను. కళ్ళు మూసుకున్నారు.

అప్పుడు నాకు ధైర్యం పోయింది. ఇంతా చేసింది దీనికోసమే కదా. సోమవారం బండి పంపిస్తామని డాక్టరు చెప్పారు, ఆస్పత్రిలో చేర్చుకుని గొట్టం వేస్తారట. మర్నాడు పొద్దున జావ పట్టిస్తుంటే చెంచాను పళ్ళతో పట్టుకుని వదల్లేదు. లాగాను. పెదవి తెగింది. ఆ జావ నెత్తురుతో నా చీర మీద పడింది. గిన్నె కడిగి బోర్లించి, షెడ్డులోకి వెళ్ళి శుక్రవారం కత్తి తీసుకున్నాను. ఇంకేం చేయాలో తెలియక.

నా వేలికి పట్టీ ఉంది. ముందురోజు పాలగిన్నె దించుతూ కాల్చుకున్నాను. ఆ వేలే కత్తి వెనక ఆనించే వేలు. తొడుగు వద్దన్నావు గాని పట్టీ సంగతి నువ్వూ రాయలేదు, నేనూ ఆలోచించలేదు. కళ్ళలో నీళ్ళు. ఎంతసేపు ఆనించి ఉంచానో తెలియదు. తీసి చూస్తే కత్తి ముక్కు దగ్గర గోరంత మేర నీలం. నెమలి మెడలా, ఎంతో అందంగా ఉంది.

నీళ్ళలో ముంచాను. పోలేదు. ఆకుపచ్చతో తుడిచాను. పైన రంగు పోయినా లోపల ఉక్కు పోయిందని నువ్వు రాసింది గుర్తొచ్చి ఆపేశాను. కాసేపు షెడ్డు నేల మీద కూర్చున్నాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక, ఆ కత్తి పట్టుకుని మీ అన్నయ్య దగ్గరికే వెళ్ళాను. మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కుని నిలబడి, "చూడండి, పాడుచేశాను. మీకు తిండి పెట్టలేకపోయాను, ఇదీ చేయలేకపోయాను" అన్నాను.

ఎడమచెయ్యి బయటికి తీశారు. కత్తి తీసుకుని కిటికీ వెలుగుకి వంచారు. నీలం మచ్చ దగ్గర బొటనవేలు ఆపారు. గొంతులోంచి ఏదో గురక లాంటిది వచ్చింది. ఊపిరాడటం లేదేమోనని వంగాను.

"చిన్నోడు... వచ్చాడా?"

మాట పోయాక ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అదే. నువ్వు నేర్చుకునే రోజుల్లో కత్తుల ముక్కులన్నీ ఇలాగే నీలం చేసేవాడివట కదా. పనిలో తొందరెక్కువ, ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఆగవు అని నాతో ఎన్నోసార్లు చెప్పి విసుక్కునేవారు. ఆ నీలం చూసి నువ్వు వచ్చావనుకున్నారు.

నేను వచ్చాడన్నాను.

నా నోరే అంది. ఒక గ్లాసుడు పాలు తాగారు. గ్లాసుడు. వాడేడి అన్నట్టు తలుపు వైపు చూశారు. బజారుకి వెళ్ళాడన్నాను. సాయంత్రం చూశారు. అలిసిపోయి పడుకున్నాడన్నాను. ఈ అబద్ధాన్ని ఎన్ని పూటలు నెట్టుకురాగలను? సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం వదిలేసి రా. నీకు అన్నయ్య కావాలంటే ఈ ఉత్తరం అందిన బండికే రా.

ఇట్లు,
నీ వదిన


మార్చి 7

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం చదివి స్టోరు గది తలుపు వేసుకుని కూర్చున్నాను. అన్నయ్య నోట వచ్చిన మొదటి మాట నేను. అది విన్నాక కూడా రానివాడు మనిషేనా అనుకుంటావు. అనుకో, కానీ ఇది చదివాక అనుకో.

నేను సెలవు అడగలేదు. నేను చక్రం ముందు నిలబడి రెండేళ్ళు దాటింది. అప్పట్లో మా ఫ్యాక్టరీకి కొత్త మెషీను వచ్చింది, పాతదానికంటే వేగం ఎక్కువ. దానికి తగిన రాతి చక్రాలు అప్పటికింకా రాలేదు. చక్రం మీదే రాసి ఉంటుంది వదినా, ఇంత వేగం దాటి తిప్పకూడదని. నేను చదివి చూపించాను. "రెండు రోజులకే కదా, ఉన్నదాంతో కానివ్వు" అన్నారు పైవాళ్ళు. రెండో రోజు చక్రం పగిలింది. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ ఉన్నాయి. మధ్యలో మూడూ లేవు.

ఇప్పుడు నన్ను స్టోరులో కూర్చోబెట్టారు. అడిగినవాళ్ళకి చక్రాలూ కడ్డీలూ ఇచ్చి సంతకం పెట్టించుకుంటాను. నీ ప్రశ్నలకి అంత గడగడా జవాబులు రాసింది అందుకే, రోజంతా నా చుట్టూ అవే. ఈ ఉత్తరాలన్నీ ఎడమచేత్తో రాసినవి. నా అక్షరాలు మారాయని నీకు అనుమానం వచ్చే ఉంటుంది, అడగలేదు. మొదట్లో చెంచా నోటికి బదులు చెంపకి వెళ్ళేది. చొక్కా గుండీ ఒకటి పెట్టుకునేసరికి చెమట పట్టేది. ఏడాది పైగా పట్టింది.

ఎవరడిగినా అన్నయ్య "మా చిన్నోడి చెయ్యి నా చెయ్యే" అనేవాడు. నేను వెళ్ళిపోతున్న రోజు బస్సు దగ్గర నా కుడిచెయ్యి పట్టుకుని, ఏదో కొనే వస్తువులా తిప్పి తిప్పి చూసి వదిలాడు. ఆ చెయ్యిని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చూపించను? ఒక చెయ్యి పోయినందుకే మంచం పట్టినవాడికి, రెండోది కూడా ఎప్పుడో పోయిందని చెప్పడానికి రానా? నన్ను చూసిన ఆ పూటే ప్రాణం వదిలేస్తాడు.

వచ్చాడు, నాతో పోట్లాడి వెళ్ళిపోయాడు అని చెప్పు. నన్ను తిట్టుకుంటూ అయినా తాగుతాడు. ఈ ఉత్తరం చింపెయ్యి.

క్షమించు వదినా,
చిన్నోడు


మార్చి 14

ప్రియమైన మరిదికి,

నీ ఉత్తరం చింపలేదు. ఎందుకు చింపలేదో చివరిదాకా చదువు, ఏ ముక్కా దాటకు.

నా అబద్ధం ఐదు రోజులే నడిచింది. ఆ ఐదు రోజులూ తాగారు. ఆదివారం నేను శనివారం కత్తి చివరి మెరుపుకి తెచ్చి లోపలికి వచ్చేసరికి మళ్ళీ గోడ వైపు తిరిగి ఉన్నారు. పాలు దగ్గరికి తీసుకెళితే ఎడమచేత్తో తోసేశారు. గ్లాసు దొర్లిపోయింది.

"వాడి... చప్పుడు... కాదు" అన్నారు.

చక్రం నేను తిప్పితే వచ్చే చప్పుడు వేరట. నువ్వు రాలేదని మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోయింది, నా మీద జాలితో ఇంకో నాలుగు రోజులు తాగారు. ఆ తర్వాత నేనెన్ని చెప్పినా, కాళ్ళు పట్టుకున్నా పళ్ళు విడలేదు. మర్నాడే బండి వచ్చే రోజు. బండి ఎక్కితే మళ్ళీ ఈ గుమ్మంలోకి వస్తారని నాకు నమ్మకం లేకపోయింది. సంచి సర్దాను. పెట్టెలో ఆయన తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేసి పెట్టాను, ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున బండికంటే ముందు పోస్టుమాన్ వచ్చాడు. నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అక్షరాల సంగతి నాకు అనుమానం వచ్చిన మాట నిజమే, పని ఒత్తిడిలో గిలికేస్తున్నావనుకున్నాను. చదివాక పొయ్యి కట్టేసి ఆయన పక్కన కూర్చున్నాను. ఇక ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట లేదు, ఒక్క అబద్ధం కూడా మిగల్లేదు. చెడ్డ మాటైనా నీదే కదా అని మొదటినుంచి చివరిదాకా పైకి చదివేశాను. నన్ను తిట్టుకో. ఇంకేం చేయాలో తోచలేదు.

చదువుతున్నంతసేపూ వీపే కనపడింది. బయట బండి హారన్ కొట్టింది. డ్రైవరూ ఇంకొకతనూ స్ట్రెచర్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఎడం... చేత్తోనా?"

నాకు అర్థం కాలేదు.

"రాసింది... ఎడం చేత్తోనా?"

"అవును. రెండు వైపులా రాశాడు" అన్నాను.

"చూపించు."

ఇటు తిరిగారు, తనంతట తాను. కాగితం ఆయన కళ్ళ ముందు పట్టుకున్నాను. చదవలేదు. కత్తి అంచు చూసినట్టు ఒక్కో వరుసా ఈ చివర నుంచి ఆ చివరకు చూశారు. వెనక్కి తిప్పమన్నట్టు వేలు ఆడించారు, తిప్పాను.

"వరుస... వంకర పోలేదు" అన్నారు. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తర్వాత, "చెంచా" అన్నారు.

నేను జావ కలిపి తెచ్చి నోటికి అందించబోతే చెంచా లాక్కున్నారు. మొదటిది గడ్డం మీద పడింది. రెండోది మెడలోకి వెళ్ళింది. మూడోది చెంపకి, నువ్వు రాసినట్టే. స్ట్రెచర్ తెచ్చినతను "ఇలా ఇవ్వండి పెద్దాయనా, నేను పడతాను" అన్నాడు. మీ అన్నయ్య అతని వంక ఎలా చూశారంటే, నువ్వు ఆకుపచ్చ చక్రం ముట్టుకున్న రోజు చూసినట్టు. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. దిండు తడిసింది, దుప్పటి తడిసింది, నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. గిన్నెలో సగం నోట్లోకి వెళ్ళేసరికి డ్రైవరు గుమ్మం దగ్గర కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. ఖాళీ స్ట్రెచర్‌తో వెళ్ళిపోయారు.

ఆయన నీకు చెప్పమన్న మాట ఇది, ముక్క ముక్కలుగా చెప్పారు, నేను కలిపి రాస్తున్నాను: "వాడికి ఏడాది పట్టిందట. నాకు ఒక్కడికే ఎన్నాళ్ళు పడుతుందో. వాణ్ణి వచ్చి నేర్పమను. ముక్కు దగ్గరికి వచ్చేసరికి తొందరపడొద్దని చెప్పు." నీ చెయ్యి గురించి ఏమన్నారని అడుగుతావు. రాత్రి దీపం తీసేస్తుంటే, "చాలా నొప్పి పెట్టి ఉంటుంది" అన్నారు. అంతే అన్నారు.

ఒళ్ళు ఇంకా పుల్లలాగే ఉంది. డాక్టరు గండం గడిచిందని అనలేదు, చూద్దామన్నారు. కానీ రోజూ రెండు గిన్నెలు తడుపుకుంటూ తింటున్నారు. నాకు ఉతుకు పని పెరిగింది. చక్రాలు మాత్రం ఉతకడం లేదు.

నిన్న పెద్దాయన పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆరు కత్తులు మెరుస్తూ ఉన్నాయి, శుక్రవారం గుంట ఖాళీ. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఏదో అనబోతుంటే మీ అన్నయ్య ఎడమచేత్తో అలమర చూపించి, కింది అర, ఇంకా వెనక్కి అని వేలితో నడిపించి, తన సొంత కత్తి నా చేత తీయించారు. మీ నాన్నగారు ఇచ్చినది.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది నీ కత్తి కదయ్యా. రేపు లేచాక దేంతో గీసుకుంటావు?" అన్నారు.

"ఎడం చేత్తో... దాంతోనా? గొంతు... దిగుతుంది." నవ్వడానికి ప్రయత్నించారు, పెదవి ఒకవైపే లేచింది. "ఇది గీస్తుంది లెండి. రేకు బ్లేడుతో." ఇది అంటే నేను.

"దీని మీద వారం పేరు లేదే మరి."

"మీకు... వారం మరచిపోయిన రోజు... వాడండి."

పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మీద నాలుగు వెంట్రుకలు గీసి చూసుకున్నారు. ఊదేశారు. కత్తి మడిచి ఖాళీ గుంటలో పెట్టారు. కొంచెం పొడుగైంది, కాస్త ఏటవాలుగా కూర్చుంది. మూత పడింది.

నువ్వు బయలుదేరే రోజు రాయి. స్టేషనుకి ఎవరూ రారు, మాకు కదిలే వీలు లేదు. షెడ్డులో నీకు మంచం వేశాను.

ఇట్లు,
నీ వదిన

పుస్తకంలో ఎక్కించిన లెక్క: గడియారాల దుకాణం పెద్దాయనకు మనం ఇవ్వవలసిన గడ్డం కత్తి ఒకటి. ఇచ్చాం. బాకీ తీరింది.